నాపరాయి మీది ఆఖరి వరుస

నంద్యాలకి నేను వెళ్ళింది దొంగల్ని పట్టుకోవడానికి. ఇంట్లో మాత్రం మహానంది చూసొస్తానని చెప్పాను. మా ఆవిడ నమ్మలేదు గానీ ఎదురు చెప్పలేదు. నాలుగు రోజులు నా సణుగుడు తప్పుతుంది కదా అని సంతోషించి, దారికి పులిహోర కట్టిచ్చింది.

దొంగలంటే ఎవరో ముందు చెప్పాలి. నేను హైదరాబాదులో కంప్యూటరు ప్రోగ్రాములు రాసి అమ్ముతాను. కంపెనీ అంటే ముందుగదిలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, నేను. రాసినవాటిలో కాస్త పేరొచ్చింది తెలుగు అక్షరాల ప్రోగ్రాం ఒక్కటే. నోటీసులు, బోర్డులు, శుభలేఖలు, ఏం కావాలన్నా అడిగినంత పెద్ద తెలుగు అక్షరాల్లో ప్రింటరు మీద అచ్చేసి ఇస్తుంది. ఒక్కో అక్షరాన్నీ చుక్క చుక్కగా పేర్చి, రెండేళ్ళు కళ్ళు పాడుచేసుకుని తయారుచేశాను. వెల మూడువందల యాభై. చూడకుండా అంత డబ్బు ఎవరు పెడతారు? అందుకని ముందు నమూనా ఫ్లాపీ ఊరికే ఇస్తాను. వాడి చూడండి, నచ్చితే మనియార్డరు చెయ్యండి, అసలు ఫ్లాపీ పోస్టులో వస్తుంది అని చెబుతాను. నమూనాకీ అసలుకీ తేడా ఒక్కటే. నమూనాతో ఏ కాగితం అచ్చువేసినా అడుగున ఒక వరుస దానంతటదే పడుతుంది: “ఇది నమూనా ప్రతి. కొనదలచినవారు భానుమూర్తికి రాయండి, హైదరాబాదు.” ఆ భానుమూర్తిని నేనే.

ఆ వరుస చిన్న అక్షరాల్లో పెట్టమని మా ఆవిడ చెప్పింది. నేను వింటేనా. పైన అక్షరం ఎంత ఉంటే కింద నా పేరూ అంతే ఉండేట్టు పెట్టాను. అంతటితో ఊరుకోలేదు. ఫ్లాపీతో ఇచ్చే సూచనల కాగితం మీద, నా పూర్తి చిరునామా కింద, “ఈ వరుసను కత్తిరించి గానీ చెరిపి గానీ వాడుకోవడం దొంగతనం” అని వేసి, దొంగతనం అన్న మాట కింద గీత కూడా గీశాను.

ఫ్లాపీలు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి ఊళ్ళు దాటి వెళ్ళాయి. మనియార్డర్లు రాలేదు గానీ ఉత్తరాలు వచ్చాయి. ప్రింటరు ఇట్లా చేస్తోంది, అక్షరం అట్లా వస్తోంది, ఏం చెయ్యమంటారు అని. కొనని వాళ్ళకి చాకిరీ కూడా ఊరికే చెయ్యాలా అని నాకు ఒళ్ళు మండేది. ఒక బిస్కెట్ల డబ్బా మీద ‘కొననివాళ్ళు’ అని చీటీ అంటించి, ఉత్తరాలన్నీ చదవకుండా అందులో పడేసేవాణ్ణి. పంపినవాడి చిరునామా మటుకు చూసేవాణ్ణి. నంద్యాల నుంచి ఒకే చేతిరాతతో మూడు కార్డులు వచ్చాయి. మూడు కార్డులు రాసే తీరిక ఉంది, కొనే బుద్ధి లేదు. ఈ మనిషిని ఎదురుగా నిలబెట్టి దులపాలని, ఆ మూడు కార్డులూ సంచిలో పెట్టుకుని ఎనభై ఎనిమిది నవంబరులో కర్నూలు బస్సెక్కాను.

నంద్యాలలో ఉగ్గాణి

కర్నూలులో బస్సు మారి, గురువారం పొద్దున్నే నంద్యాల బస్టాండులో దిగాను. పులిహోర పొట్లం దారిలోనే విడిపోయి నా సంచీ అంతా పసుపైంది, అది వేరే సంగతి. ఆకలికి ఎదురుగా కనిపించిన హోటల్లో దూరాను. ఈ ఊళ్ళో పొద్దుటి పలహారం ఉగ్గాణి. మా కోస్తాలో మరమరాలంటే పిల్లలకి పొట్లం కట్టిచ్చేవి. ఇక్కడ వాటిని బొరుగులంటారు. నీళ్ళలో తడిపి, గట్టిగా పిండి, ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ వేసి తాలింపు పెట్టి, పైన పుట్నాలపొడి చల్లి వేడివేడిగా పెడతారు. పక్కన మిరపకాయ బజ్జీలు రెండు. అన్నీ కలిపి రూపాయిన్నర. మిరపకాయ ఏం చేస్తుందిలే అని కొరికాను. కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు ధారకట్టాయి. పక్క బల్లమీద ముసలాయన తాపీగా నాలుగోది తింటూ, “కొత్తా? మహానందికి పోతాండావా?” అని అడిగి, నా జవాబు కోసం చూడకుండా తన బొరుగుల్లో పడ్డాడు.

కళ్ళు తుడుచుకుని తలెత్తేసరికి గోడ మీద నా పేరు కనిపించింది.

“పళ్ళెంలో చేతులు కడగరాదు” అని పెద్ద అక్షరాల్లో ఒక కాగితం. దానికింద అంతే పెద్ద అక్షరాల్లో నా వరుస. నా ‘గ’, నా ‘డ’. ఎన్ని రాత్రులు పేర్చానో వాటిని. గల్లాపెట్టె దగ్గరాయన్ని ఏమీ ఎరగనట్టు అడిగాను, ఎవరండీ ఈ భానుమూర్తి అని.

“ఎవరో హైదరాబాదు ఆయప్పంట. అచ్చరాలు ఆయప్పవంట. ఆ వరస తీసేస్తే దొంగతనమంట. మన బాషా చెప్పినాడు,” అన్నాడాయన.

“తీసేస్తే ఎవరికి తెలుస్తుంది?”

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. “మనకు తెలుస్తాది గదప్పా.”

నాకు గర్వంగా ఉంది, కోపంగానూ ఉంది. బజారంతా తిరిగాను. సైకిలు షాపులో నా పేరు. దర్జీ దుకాణంలో నా పేరు. ఆ పక్కన పత్తి మందుల కొట్టులో, మందు డబ్బాలు పిల్లలకి అందకుండా పెట్టమన్న కాగితం కింద నా పేరు. ఇంత వాడుకుని ఒక్క రూపాయి పంపలేదు చూడు అని పళ్ళు కొరుక్కుంటూనే, ప్రతి కొట్టు ముందూ ఆగి మరీ చదువుకున్నాను. ఆ పూట నాకున్న టెక్కు తలుచుకుంటే ఇప్పుడు చెవులు కాలుతున్నాయి.

బాషా టైపు ఇన్‌స్టిట్యూట్

మూడు కార్డులు రాసిన మహబూబ్ బాషాది టైపు ఇన్‌స్టిట్యూట్. టైపు మిషన్లు వరసగా టకటకలాడుతున్నాయి. ఒక మూల, తువ్వాలు కప్పిన కంప్యూటరు. బాషాకి నలభై ఏళ్ళుంటాయి, పల్చటి మనిషి. నేను నా పేరు చెప్పలేదు. హైదరాబాదులో భానుమూర్తిగారి కంపెనీ నుంచి వచ్చాను, నా పేరు రావు అన్నాను. ఎందుకంటే, నన్ను నేను పొగుడుకోవడం కన్నా నా తరఫున ఇంకొకడు దబాయిస్తే బాగుంటుందనిపించింది.

“ఊరంతా మా సారు అక్షరాలే. కొన్నవాడు ఒక్కడూ లేడు. ఏమిటండీ ఇది?” అని మొదలుపెట్టాను. పెద్ద పెద్ద మాటలే అన్నాను. టైపు నేర్చుకునే ఆడపిల్లలు చేతులాపి చూశారు.

బాషా ఒక్కమాట అడ్డం రాలేదు. అంతా విని, నాకు టీ తెప్పించి అప్పుడన్నాడు. “నిజమే అన్నా. కొనల్ల. కొనేదానికే మొదటి కార్డు రాస్తి. మీ ప్రోగ్రాంలో ఒత్తులు తెగిపోతాండాయి ఈ ప్రింటరు మీద. కొన్నాక గూడా తెగితే ఎట్ల అని అడిగినా. జవాబు లేదు. రెండో కార్డు రాస్తి, లేదు. మూడోది రాస్తి. మీ సారుకు పనులు ఎక్కువేమో.”

“ఎక్కువే,” అన్నాను.

“ఫికర్ లేదులే. ఒత్తులు నేనే పెన్నుతో దిద్దుకుంటాండా. ఒక్క దానికే కొంచెం బాధైంది. సువార్తమ్మ టీచరు రాయికి.”

ఏం రాయి అని అడిగాను. ఆవిడ భర్త దేవసహాయం మాస్టారు మిషన్ బడిలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి, పోయిన ఏడాది పోయారట. బాషా కూడా ఆయన దగ్గర చదువుకున్నవాడే. ఈ ఆదివారం ఏడాది కూడిక. ఆ రోజు సమాధి దగ్గర రాయి నిలబెట్టి ప్రార్థన చేస్తారు. చేత్తో రాస్తే అక్షరాలు వంకర పోతాయని, రాయి మీద చెక్కాల్సిన మాటలు బాషానే అచ్చువేసి ఇచ్చాడు. రాయి ఆళ్ళగడ్డలో చెక్కించారు.

టీ గ్లాసు కింద పెట్టాను. “ఆ కాగితం కింద కూడా మా సారు వరుస పడిందా?”

“పడదా మరి. నమూనా గదా.”

“చెక్కేటప్పుడు అది వదిలేశారు కదా?”

బాషా నావైపు విచిత్రంగా చూశాడు. “వదిలేస్తే దొంగతనం అని మీరే గదన్నా రాసింది.”

సువార్తమ్మ టీచరు ఇంట్లో రొట్టె

అప్పుడే నేనే భానుమూర్తినని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పైగా బాషా “టీచరమ్మ మిమ్మల్ని చూస్తే సంతోషపడుతుంది, కంపెనీ మనిషి గదా” అని వెంటబెట్టుకు వెళ్తుంటే, తప్పించుకునే దారి తోచక వెళ్ళాను.

చిన్న మిద్దె ఇల్లు. సువార్తమ్మగారు కూడా టీచరే. యాభై దాటిన మనిషి, గంజి పెట్టిన తెల్ల చీర. వచ్చినవాళ్ళని తినకుండా పంపే అలవాటు ఈ సీమలో లేదు. మా వైపు అయితే భోంచేశారా అని అడుగుతాం, చేశామంటే హమ్మయ్య అనుకుంటాం. ఈవిడ అడగలేదు. కంచం ముందు కూర్చోబెట్టింది. జొన్నరొట్టె, వంకాయ కూర, చెనిక్కాయల ఊరిబిండి. ఊరిబిండంటే వేయించిన వేరుశనగలతో నూరిన పచ్చడి. రొట్టె నాకు ఒక చేత్తో తుంచడం రాలేదు. రెండు చేతులా లాగుతుంటే ఆవిడ ఏమీ అనకుండా తీసుకుని ముక్కలు చేసి పెట్టింది.

“మీ సారు కోపంగా ఉండాడా?” అని అడిగింది.

“ఎందుకమ్మా?”

“మేం దుడ్లియ్యకుండా ఆయన అచ్చరాలు వాడుకుంటిమి గదా. బాషాను ఉత్తరం రాయమంటిని. జవాబు రాకపాయ. ఆయనకు ఇష్టం లేదేమో అనుకుంటిమి. పేరు మాత్రం పెట్టించినాం. ఒక్క అచ్చరం తీయలేదని చెప్పండి ఆయనకు.”

నీళ్ళు తాగి, అంతగా అయితే ఆ వరుస వదిలేసి ఉండొచ్చు కదమ్మా, రాయి మీద ఎవరు చూస్తారు అన్నాను. ఏమనుకుని అన్నానో నాకే తెలియదు. తప్పు ఆవిడదని తేలితే నాకు కాస్త ఊపిరాడుతుందని కాబోలు.

ఆవిడ కూర వడ్డించే గరిటె పక్కన పెట్టింది. “మాస్టారు బడిలోనుంచి ఒక్క సుద్దముక్క ఇంటికి తెచ్చిన మనిషి కాదు. పిల్లలు కాపీ కొడితే ఏడ్చేటోడు, కొట్టేటోడు కాదు. అట్లాంటాయన రాయి మీదనా దొంగతనం చేసేది?”

ఆవిడ అది కోపంగా అనలేదు. తరగతిలో ఒకసారి చెప్పిన పాఠం మళ్ళీ చెప్పినట్టు అంది. నేను తలొంచుకుని రొట్టె ముక్కలు తిన్నాను. చెయ్యి కడుక్కున్నాను. మా సారుతో చెప్తానమ్మా అన్నాను. అదే మాట మూడుసార్లు అన్నాను.

ఆళ్ళగడ్డ బస్సు

ఆ రాత్రి లాడ్జిలో నిద్ర పట్టలేదు. ఒక ఉపాయం తట్టింది. రాయి ఇంకా ఆళ్ళగడ్డలోనే ఉంది. వెళ్ళి ఆ వరుస తీయించేస్తే, ఆదివారానికి రాయి శుభ్రంగా వస్తుంది, మా సారు మంచి మనసుతో తీయించాడని చెప్పొచ్చు. నేనెవరో ఆవిడకి తెలియనే అక్కర్లేదు. చూశారా, అప్పటికీ నా బుద్ధి ఎట్లా పనిచేస్తోందో.

శుక్రవారం పొద్దున ఆళ్ళగడ్డ బస్సెక్కాను. కాళ్ళ కింద ఎవరిదో పత్తి మూట. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఒకవైపు నల్లమల కొండలు బస్సుతో పాటే వస్తున్నాయి. సంచిలోంచి ఆ మూడు కార్డులూ తీసి మొదటిసారి చదివాను.

మొదటి దాంట్లో ఒత్తులు తెగే సంగతి. ప్రింటరు మారినప్పుడు ప్రోగ్రాంలో ఒక్క అంకె మార్చుకోవాలి, అంతే. కార్డు మీద ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది.

రెండో దాంట్లో ఇలా ఉంది: “అయ్యా, ఇది సమాధి రాయి కోసం. అడుగున వచ్చే వరుస ఈ ఒక్కసారికి లేకుండా చేసుకోవడానికి అనుమతి ఇస్తారా? పోయినాయన మా మాస్టారు.”

మూడోది చిన్నది. “అయ్యా, జవాబు రాలేదు కాబట్టి అనుమతి లేదని అనుకున్నాం. వరుస అట్లే ఉంచుతాం. మీ పేరు తప్పు లేకుండా చెక్కిస్తాం. కోపం ఉంచుకోవద్దు.”

పక్క సీటు ముసలమ్మ నన్ను చూసి, ఎవరన్నా పోయినారా నాయనా అని అడిగింది. లేదమ్మా అన్నాను. నమ్మలేదు. కొంగులోంచి నాలుగు చెనిక్కాయలు తీసి చేతిలో పెట్టింది.

ఓబుళాచారి రాళ్ళు

ఆళ్ళగడ్డలో దిగకముందే ఉలి చప్పుడు వినిపిస్తుంది. రోడ్డు పక్కన పందిళ్ళ కింద దేవుళ్ళంతా సగం సగం ఉన్నారు. కొందరికి ముఖాలే, కొందరికి ఇంకా చేతులు రాలేదు. ఒక అమ్మవారు పక్కకి తిరిగి గడ్డిలో పడుకుని ఉంది. రాతి పెళ్ళలు గుచ్చుకుని నా చెప్పు అడుగు తెగింది. కుంటుకుంటూ నాలుగు పందిళ్ళు వాకబు చేస్తే ఓబుళాచారి దొరికాడు. అరవై ఏళ్ళ మనిషి, మోచేతుల దాకా తెల్లటి రాతిపొడి. దేవసహాయం మాస్టారి రాయి గోడకి ఆనించి ఉంది.

నల్లటి నాపరాయి. “యం. దేవసహాయం, ఉపాధ్యాయుడు. ప్రభువునందు నిద్రించెను.” ఆ కింద పుట్టినదీ పోయినదీ. ఆ కింద, అంతే పెద్ద అక్షరాల్లో, అంతే లోతుగా, “ఇది నమూనా ప్రతి. కొనదలచినవారు భానుమూర్తికి రాయండి, హైదరాబాదు.”

కాగితం మీద ఆ వరుస కొన్ని వందలసార్లు చూసి ఉంటాను. రాయి మీద చూడలేకపోయాను. పక్కకి తిరిగి కాసేపు ఆ గడ్డిలో అమ్మవారిని చూస్తూ నిలబడ్డాను.

తర్వాత ఓబుళాచారితో, ఈ ఆఖరి వరుస తీసెయ్యాలి, ఎంతవుతుందో చెప్పు అన్నాను.

“తీసేదానికి నువ్వెవరప్పా?”

“కంపెనీ నుంచి వచ్చాను. మా సారు తీసెయ్యమన్నాడు.”

ఆయన లోపలికి వెళ్ళి ఒక కాగితాల కట్ట తెచ్చాడు. రాయి మీద ఏం చెక్కించుకున్నా, ఇచ్చినవాళ్ళు ఆ కాగితం మీద సంతకం పెట్టాలి. ఒక నకలు మైదా బంకతో రాయికి అంటించి చెక్కుతారు, సంతకం ఉన్నది దాచుకుంటారు. వాళ్ళ నాయన నాటి నుంచీ అదే పద్ధతి. కాగితంలో ఉన్నది ఉన్నట్టే, ఒక్క మాట కలపరు, ఒక్క మాట తీయరు. సువార్తమ్మగారి సంతకం చూపించాడు.

“తీయల్లంటే ఈయమ్మ చెప్పల్ల. లేదంటే ఆ పేరు గలాయన వచ్చి చెప్పల్ల. ఎవరి పేరు వాళ్ళు తీయించుకోవచ్చు. వేరే ఎవరో చెప్తే తీసేదానికి ఇదేమన్నా గోడ మీద బొగ్గు రాతనా?”

నేను ఇంకో ఉపాయం చెప్పాను. చెప్పడానికి నాకిప్పటికీ నోరు రావడం లేదు. ఆ వరుస అన్నిటికన్నా అడుగున ఉంది కదా, రాయి ఒక జానెడు లోతుగా పాతితే కనబడదు కదా అన్నాను.

ఓబుళాచారి ఉలి కింద పెట్టాడు. “ఏందీ, ఆ పేరు తీసుకపోయి ఆయప్ప పక్కన పూడుస్తావా? మట్టి కప్పితే లేనట్లా?”

ఇక దారి లేదు. పందిట్లో ఇంకో ఇద్దరు పనివాళ్ళు ఉన్నారు, రోడ్డు మీద టీ కొట్టు దగ్గర నలుగురున్నారు. “ఆ పేరు నాదే,” అన్నాను.

ఓబుళాచారి నా ముఖం చూశాడు, రాయి చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

“నువ్వేనా?” అన్నాడు. “నేను పెద్దాయప్ప అనుకుంటి. సమాధి రాయి మీద పేరుండాదంటే పోయినాయనకు కావలసిన మనిషి అనుకుంటి. పోయినాయన పేరు ఎంత బాగా చెక్కినానో, నీది గూడా అంతే బాగా చెక్కినా.”

తిట్టి ఉంటే బాగుండేది.

రెండు రోజుల పని

రాయిని పందిట్లో వెల్లకిలా పడుకోబెట్టారు. ఓబుళాచారి ఆఖరి వరుస చుట్టూ సన్నటి ఉలితో పైపైన గీసిచ్చి, ఒక సానరాయి, నీళ్ళ ముంత నా ముందు పెట్టాడు. “ఇది నా చేత్తో పెట్టినా. నా చేత్తో తీయలేను. నీ పేరు నువ్వే అరగదీసుకో.”

శుక్రవారం మధ్యాహ్నం మొదలుపెట్టి శనివారం సాయంత్రం దాకా గీకాను. నీళ్ళు చల్లడం, రుద్దడం, తుడవడం. నాపరాయి మెత్తనిదే అంటారు. ఎవరన్నారో వాళ్ళని కూర్చోబెట్టాలి. అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. దారినపోయేవాళ్ళు ఆగి, ప్యాంటు వేసుకున్న మనిషి ఇదేం పని అని, “ఏం చేస్తాండాడు?” అని అడిగేవాళ్ళు. “ఆయప్ప పేరు ఆయప్ప తీసుకుంటాండాడు,” అని ఓబుళాచారి తలెత్తకుండా చెప్పేవాడు. అడిగినవాళ్ళు ఇంకేమీ అడక్కుండా వెళ్ళిపోయేవాళ్ళు. అదే నయం అనుకోవాలి.

‘హైదరాబాదు’ శుక్రవారమే పోయింది. ‘నమూనా ప్రతి’ శనివారం పొద్దున పోయింది. నా పేరు మాత్రం ఒక పట్టాన పోలేదు. ‘ర్తి’ కి ఉన్న ఆ వంపు కుదరక ఒకప్పుడు వారం రోజులు కూర్చున్నాను నేను. ఇప్పుడు దాని మీదే వంగి, ఎప్పుడు పోతుందిరా నాయనా అని సానపట్టాను. ఓబుళాచారి పెళ్ళాం రెండు పూటలా రాగిసంకటి, పప్పు పెట్టింది. చేతులు బొబ్బలు కదా, ముద్ద కలుపుకోలేకపోతే, చూసి చెంచా తెచ్చిచ్చింది. కూలి ఎంతని ఓబుళాచారిని అడిగితే, పని నువ్వు చేసి నన్నడుగుతావేం అన్నాడు.

శనివారం సాయంత్రానికి అక్షరాలు పోయాయి. ఆ చోట రాయి కొంచెం లోతు పడింది, అంతే. అరచెయ్యి వేస్తే తెలుస్తుంది.

తిరిగి నంద్యాల

ఆదివారం పొద్దున్నే గడ్డి పరిచిన ట్రాక్టరులో రాయి, పక్కన బాషా పంపిన ఇద్దరు మనుషులు, నేను. దారంతా గతుకులే. ప్రతి గతుక్కీ రాయిని చేత్తో పట్టుకున్నాను.

ఇంటికొచ్చాక నేను చేసినవి ఇక్కడే చెప్పేస్తాను. నమూనాలోంచి ఆ వరుస తీసేశాను. డబ్బాలో ఉత్తరాలకి రోజుకి నాలుగు చొప్పున జవాబులు రాస్తున్నాను. ఇవేవీ గొప్పకి చెప్పడం లేదు. ముందు చెయ్యాల్సిన పనులు వెనక చేస్తున్నాను.

సమాధుల తోటలో అరవై డెబ్బై మంది ఉన్నారు, సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. ఇక్కడ కూడికకి వచ్చినవాళ్ళు తలా ఒక పిడికెడు మట్టి రాయి మొదట్లో వేస్తారు. నేనూ వేశాను. పాట అయింది, ప్రార్థన అయింది. అందరూ వెళ్తుంటే సువార్తమ్మగారు రాయి దగ్గరికి వచ్చి, భర్త పేరు మీద చెయ్యి వేసి, కిందికి తడుముతూ వచ్చింది. అడుగున ఆ లోతు దగ్గర చెయ్యి ఆగింది.

“ఈడ పేరేమాయ?” అంది.

“నేనే తీశానమ్మా. నేనే భానుమూర్తిని.”

ఆవిడ చెయ్యి తీయలేదు. నా చేతుల బొబ్బలకేసి చూసింది. “మొన్న మా ఇంట్లో కూచ్చొని రొట్టె తింటిరి గదా. అప్పుడెందుకు చెప్పలేదు?”

“సిగ్గేసిందమ్మా.”

“ఊ,” అంది. క్షమించాననలేదు, లేదనీ అనలేదు. అట్లాంటి ‘ఊ’ తరగతిలో నేను విని ముప్ఫై ఏళ్ళయింది. మళ్ళీ ఆవిడే అంది. “కింద వరస పోయె. మరి ఈ పైన అచ్చరాలు ఎవరివి? మేం కొనలేదు గదా.”

“మీవేనమ్మా.”

“నోటిమాట కాదు. రాసియ్యండి. రేపు ఎవరన్నా దొంగతనమంటే, జవాబు చెప్పుకునేదానికి ఆయన లేడు.”

చేతిసంచిలోంచి బైబిలు తీసి, అందులోంచి మడత పెట్టిన కాగితం తీసింది. నా సూచనల కాగితమే. దొంగతనం అన్న మాట, కింద గీత. రాయికి మాటలు అచ్చువేసిన నాడు బాషా ఇచ్చి ఉంటాడు, భద్రంగా దాచుకుంది. దాన్ని తిరగేసి, పెన్ను మూత తీసి ఇచ్చింది. రాయి మీదే కాగితం ఆనించి రాశాను. “ఈ అక్షరాలు దేవసహాయం మాస్టారివి. నావి కావు.” కింద సంతకం చేశాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, పిల్లల పలక దిద్దినట్టు మెల్లగా చదివింది. చదివి కాగితం నాకు తిరిగి ఇచ్చింది.

“పేరు మరీ చిన్నగా రాస్తిరి. కనపడేట్లు రాయండి.”

బొబ్బల చేత్తో పెన్ను గట్టిగా పట్టుకుని, ఆ సంతకం పక్కనే నా పేరు మళ్ళీ రాశాను, ఆవిడ చాలనేంత పెద్దగా.